నొప్పి తెలియని చెయ్యి

టాటానగర్ పక్కన పర్సుడీహ్ బజారులో వంకాయలు బేరమాడే తెలుగు ఆడవాళ్ళందరికీ ప్లేట్‌లెట్ అంటే ఏమిటో తెలుసు. ఆ పుణ్యమంతా జోగమ్మదే. "మా పద్మ రగతం మీద పరిసోదన సేత్తన్నాది" అని ఆవిడ మొదలుపెట్టిందంటే తక్కెడలో కూర తక్కెడలోనే ఉండిపోయేది. ఎవరూ అడగక్కర్లేదు. ఆపమన్నా ఆపేది కాదు.

లోకంలో అత్తలు కుళాయి దగ్గర చేరేది కోడళ్ళ మీద చాడీలు చెప్పుకోడానికి. జోగమ్మ పొగడ్డానికి చేరేది. ఇది ఆ వీధిలో మిగతా అత్తలకి మహా ఇబ్బందిగా ఉండేది, పక్కనే బిందెలతో నిలబడ్డ వాళ్ళ కోడళ్ళు వింటున్నారు మరి. భర్త తవిటయ్య టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. "కొడుకుని కూడా కన్నావు గదే, ఆడి గురించి ఒక్క ముక్క సెప్పవేటి?" అని ఆయన దెప్పితే, "ఆడి గురించి సెప్పడానికేటుంది? ఆదిత్యపూర్ డూటీకి ఎల్తాడు, వత్తాడు" అనేది. ఆ ఎల్లి వచ్చే కొడుకు హరికిరణ్ పక్కన కూర్చుని నవ్వేవాడు. పెళ్ళాన్ని ఇంత నెత్తిన పెట్టుకునే తల్లి ఉంటే ఏ మొగుడికి చేదు?

కోడలు పద్మశ్రీ ఆ ఊళ్ళోనే కద్మా పేటలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ కోపం వచ్చినా, సంతోషం వచ్చినా హిందీలోకి జారిపోతుంది. పెళ్ళైన కొత్తలో హాల్లో గోడమీదున్న ఫోటో చూసి, ఇదెవరత్తమ్మా అని అడిగింది. జోగమ్మ తమ్ముడు బలరామ్. ఆదిత్యపూర్‌లో ఇనుము కరిగించి పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీలో కాంట్రాక్టు మనిషిగా కొలిమి ముందు పనిచేసేవాడు. ఒక మే నెల మధ్యాహ్నం గుండె పట్టుకుని కూలబడ్డాడు. ముప్ఫై అయిదు నిండలేదు. గుండె నాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడిందన్నారు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే: తాగేవాడా? బీడీ కాల్చేవాడా? షుగరుందా? ఏవీ లేవని చెబితే, రాత అనేసి టీ తాగి వెళ్ళిపోయారు.

పద్మ మాత్రం రాత అనలేదు. ఫోటో వైపు చూసి, "రోజంతా వేడి ముందేనా? మధ్యలో నీళ్ళు తాగడానికి టైమ్ ఉండేదా?" అంది. అన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆ రోజు నుంచి జోగమ్మ ఆ పిల్ల భక్తురాలైపోయింది.

తరవాత పద్మకి పెద్దాసుపత్రి పక్కనున్న పరిశోధన ల్యాబులో సీటొచ్చింది. తన పరిశోధనకి పద్మ ఎంచుకున్న ప్రశ్న అదే. కొలిమి వేడిలో ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళ ప్లేట్‌లెట్లు మామూలువాళ్ళ వాటికంటే తొందరగా మేలుకుని గడ్డ కడతాయా, లేదా? ఫౌండ్రీ మగవాళ్ళు ఇరవైమంది తన తంటాలు తను పడి దొరికించుకుంది. వాళ్ళతో పోల్చి చూడ్డానికి అదే వయసులో, వేడి పని చెయ్యని మగవాళ్ళు మరో ఇరవైమంది కావాలి.

"మనుసుల సంగతి నాకొగ్గీ," అంది జోగమ్మ.

వీధి వీధంతా తిరిగింది. రైల్వేవాళ్ళు, దుకాణాలవాళ్ళు, ఆటోలవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. రక్తమిమ్మంటే మగాళ్ళ ముఖాలు మాడిపోవడం చూసి అప్పటికప్పుడు ఒక కోత కోసింది. "మా పద్మ సెయ్యి ఏటనుకున్నారు? సూది గుచ్చినట్టే తెలీదు. దోమ కుట్టినంత కూడా ఉండదు." పద్మ సూది గుచ్చగా ఆవిడ ఎన్నడూ చూసింది లేదు. అయినా కోడలి చెయ్యి ఎలా ఉంటుందో అత్తకి తెలియదా!

మొట్టమొదట వెళ్ళినవాడు పక్కింటి పైడిబాబు. పట్టాల మీద గ్యాంగులో పని, చెయ్యి చూస్తే స్లీపరు దిమ్మంత ఉంటుంది. సూది చూశాడో లేదో లేచి తిరిగొచ్చేశాడు. "ఓలప్పో, అది సూది కాదు, గునపం!" అని వీధంతా వినబడేలా చెప్పాడు. మర్నాటికి ఒప్పుకున్నవాళ్ళలో సగంమందికి ఊళ్ళో పనులు గుర్తొచ్చాయి.

జోగమ్మకి తల కొట్టేసినట్టయింది. కోడలి పని ఆగిపోవడం ఒక బాధ, కోడలి చేతికి మాట రావడం ఇంకో బాధ. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ. అప్పుడు ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. మధ్యాహ్నం టీతో తను రోజూ వేసుకునే తలనొప్పి బిళ్ల ఉంది, ఏ కిరాణా కొట్టులోనైనా దొరికేది. తలనొప్పిని చంపేది సూది నొప్పిని చంపదా? నొప్పి తెలీకుండా బిళ్ల ఉందని చెప్పి తప్పుకున్నవాళ్ళని కూడా మళ్ళీ ఒప్పించింది. ల్యాబుకి వెళ్ళే రోజు పొద్దున్నే మగాళ్ళని తన వరండాలో కూర్చోబెట్టి, తలా ఒక గ్లాసు టీ ఇచ్చి, తలా ఒక బిళ్ల మింగించి ఆటో ఎక్కించేది. "పద్మకి సెప్పకండర్రా. తన సెయ్యి మీద నమ్మకం నేదని సిన్నబుచ్చుకుంటాది."

తిరిగొచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపి అడిగేది. "నొప్పెట్టిందేటి?" "నేదు పిన్నీ. తెలీనే తెలీలేదు." పైడిబాబు కూడా రెండోసారి వెళ్ళొచ్చి, తెలీలేదనే అన్నాడు. జోగమ్మ ఎగిరి గంతెయ్యలేదు గానీ మనసు మాత్రం వేసింది. ల్యాబులో పద్మ, గత పది రోజుల్లో ఏమైనా మందులు, నొప్పి బిళ్లలు వేసుకున్నారా అని ప్రతివాణ్ణీ అడిగింది. జోగమ్మకిచ్చిన మాట ప్రకారం అందరూ లేదనే చెప్పారు. కిరాణా కొట్లో బిళ్ల కూడా ఒక లెక్కా అనుకున్నారు.

ఫలితాలొచ్చాయి. ఫౌండ్రీవాళ్ళ ప్లేట్‌లెట్లే ముందు మేలుకుంటున్నాయి. తేడా ఉంది. చిన్నా చితకా తేడా కాదు, కళ్ళు తిరిగేంత తేడా. పద్మ గైడు డాక్టర్ రోహిణి ఊరికే పొంగిపోయే మనిషి కాదు. ఆవిడ రెండుసార్లు లెక్కలు మళ్ళీ చేయించి, చివరికి రాంచీలో జరిగే పెద్ద సభలో పద్మ మాట్లాడాలని నిర్ణయించింది. దేశం నలుమూలల నుంచి గుండె డాక్టర్లు వస్తారట. పర్సుడీహ్ బజారులో ఆ వారం కూరగాయల వ్యాపారం సరిగ్గా సాగలేదు.

సభకి ముందు ఆదివారం సాయంత్రం, తను మాట్లాడబోయేది ఇంట్లోవాళ్ళకి ఒకసారి చెప్పి చూపిస్తానంది పద్మ. వరండాలో లాప్‌టాప్ పెట్టింది. తవిటయ్య, హరికిరణ్, రక్తమిచ్చిన వీరులు నలుగురైదుగురు, వాళ్ళలో ముందు వరసలో పైడిబాబు. జోగమ్మ టీలు అందిస్తూ గుమ్మంలో నిలబడింది.

"చెయ్యి తెగితే రక్తం దానంతట అదే ఆగుతుంది కదా," అంది పద్మ. "ఆపేవి ప్లేట్‌లెట్లు. మామూలుగా అవి నిద్రపోతున్నట్టు రక్తంతో పాటు తిరుగుతుంటాయి. నాళానికి దెబ్బ తగలగానే మేలుకుని ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి. ఆ గడ్డే దెబ్బ లేనిచోట, గుండె నాళం లోపల కడితే మనిషి ప్రాణం తీస్తుంది. మేం ఏం చేస్తామంటే, రక్తంలోంచి ప్లేట్‌లెట్లున్న పసుపు నీళ్ళు వేరుచేస్తాం. మబ్బుగా ఉంటుంది. అందులో వాటిని లేపే చుక్క ఒకటి వేస్తాం. పాలు విరిగినట్టు అవి ముద్దలు కట్టి, నీళ్ళు తేరుకుంటాయి. వెలుతురు ఎంత దాటివస్తే అంత గడ్డ కట్టినట్టు. మెషీన్ మీద గీత పైకి లేస్తుంది."

"బాగా సెప్తన్నావమ్మా," అన్నాడు తవిటయ్య. ఆయన నోట అంత పెద్ద మాట రావడం అరుదు.

"కానీ ఇవి చాలా సున్నితం మావయ్యా. ఒక్క తలనొప్పి బిళ్ల చాలు. కొన్నిటిలో ఆస్పిరిన్ అని ఉంటుంది. అది తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్ళూ, అంటే పది రోజుల దాకా, సరిగ్గా మేలుకోదు. అలాంటి రక్తం మాకు పనికిరాదు. అందుకే అందరినీ అడిగి అడిగి తీసుకున్నాం."

జోగమ్మ టీ పళ్ళెం గుమ్మం పక్కన దించేసింది. ముందు వరసలో పైడిబాబు మెడ తిప్పి ఆవిడ వైపు చూశాడు. వరండాలో చప్పట్లు మోగుతుంటే ఆవిడ వెనక పెరట్లోకి నడిచింది.

పైడిబాబు వెనకే వచ్చాడు. "అప్పా, బెంగెట్టుకోకు. మా ఇరవైమందిమీ నోరిప్పం. పిల్లల మీద ఒట్టు."

వాడలా అనడంతో జోగమ్మకి ఇంకా భయం వేసింది. నిజమే, ఎవరికీ తెలీదు. రాంచీలో అంతమంది ముందు పద్మ నిలబడుతుంది. కొలిమి వేడి వల్లేనని కాగితం మీద పడుతుంది. బలరామ్ ఎందుకు పోయాడని ఎవరడిగినా ఇక రాత అని వినక్కర్లేదు. ఇంతకంటే ఆవిడకి ఏం కావాలి? కానీ బిళ్లలు వీళ్ళ ప్లేట్‌లెట్లని నిద్రపుచ్చాయి; కాగితం మీద పడేది తను మింగించిన ఆ బిళ్లల లెక్క. తమ్ముడి పేరున ఒక అబద్ధం. రేపు ఏ ఊళ్ళోనో ఇంకెవరో ఇదే పరీక్ష చేసి, అబ్బే ఇంత తేడా లేదే అంటే, వేలెత్తి చూపేది పద్మనే. దోమ కుట్టినంత కూడా ఉండదని తను కోసిన కోతకి ఆ పిల్ల చదువంతా బలి.

జనం వెళ్ళిపోయాక పద్మ వంటింట్లో అన్నం వండుతోంది. జోగమ్మ గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. ముందు వెనకలు చూసుకోలేదు, ఏడవలేదు. "పద్మా, నాను పాడు సేసీనాను. రగతమిచ్చినోలకి నానే బిళ్లలిచ్చినాను. సూది నొప్పి తెలీకుండా."

పద్మ గిన్నె దించి స్టవ్ ఆర్పింది. "ఎంతమందికి?"

"అందరికీ."

"ఏ బిళ్ల?"

జోగమ్మ కొంగుముడి విప్పి అట్ట చేతిలో పెట్టింది. పద్మ దాని వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. హరికిరణ్ మాత్రం ఊరుకోలేదు. "క్యా కియా అమ్మా తుమ్‌నే!" అంటూ, ఎంత పని చేశావని మొదలుపెట్టి హిందీలో చాలాసేపు అరిచాడు. తవిటయ్య అడ్డురాలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ఎవరికీ సహించలేదు.

పొద్దున్న పద్మ కళ్ళు వాచి ఉన్నాయి. "చీర మార్చుకోండి అత్తమ్మా. ల్యాబుకి వెళ్దాం," అంది.

డాక్టర్ రోహిణి గదిలో జోగమ్మ తనకొచ్చిన బజారు హిందీలో అంతా చెప్పింది. కోత కోసిన దగ్గర్నుంచి దాచకుండా చెప్పింది. రోహిణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇంత తేడా నమ్మలేక తను లోలోపల నలిగిపోతోందట. కారణం దొరకలేదట. తరవాత పద్మ వైపు తిరిగి, "ఈవిడ చెప్పకపోతే మనకి తెలిసేదే కాదు. ఎవరీవిడ?" అని అడిగింది హిందీలో.

"మేరీ సాస్ హై, మేడమ్," అంది పద్మ. "ఖుద్ ఆకే బతాయా." మా అత్తగారు, తనంతట తనే వచ్చి చెప్పింది అని. అంటూ తలెత్తుకుని నిలబడింది.

ఆ గొంతు జోగమ్మకి బాగా తెలుసు. బజారులో వంకాయల ముందు తను వాడే గొంతే అది. రాత్రంతా రాని ఏడుపు ఆవిడకి అప్పుడు వచ్చింది.

రాంచీ ప్రయాణం ఆగిపోయింది. రోహిణి మేడమే ఫోన్ చేసి, మా లెక్కల్లో పొరపాటు దొరికింది, ఈ ఏడాది వద్దు అని చెప్పేసింది. కానీ బిళ్ల వల్లే ఇదంతా జరిగిందని రుజువు కావాలిగా? "మీరు రోజూ వేసుకుంటారు కదా, మీ రక్తమే చూద్దాం," అంది ఆవిడ జోగమ్మతో.

పద్మ సూది తీసింది. జోగమ్మ ధైర్యంగా చెయ్యి చాచింది. గుచ్చగానే, "ఓలమ్మో!" అని కేక పెట్టింది. నొప్పి అంటే మామూలు నొప్పి కాదు, భుజం దాకా లాగింది. ముందురోజు బిళ్ల కడుపులో ఉన్నా సరే! పద్మ పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. ఆ రాత్రి తరవాత ఆ పిల్ల ముఖంలో అదే మొదటి నవ్వు.

మెషీన్ మీద జోగమ్మ గీత కాస్త లేచి, ఓపిక లేనిదానిలా కిందికి వాలిపోయింది. ఇరవైమంది గీతలూ అలాగే వాలాయట. తన నెత్తురు కూడా తన మాట వినడం లేదని జోగమ్మకి సిగ్గేసింది.

ఆ తరవాత పది రోజులు ఆవిడ బిళ్ల ముట్టలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోయేది. ఇంట్లో ఎవరు పలకరించినా కరిచేది. తవిటయ్య టీ గ్లాసు దూరంగా పెట్టి పారిపోయేవాడు. అయినా తలకి గుడ్డ కట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి, రక్తమిచ్చిన మగాళ్ళందరికీ తన తప్పు చెప్పుకుంది. ఎవరూ కోప్పడలేదు. పైడిబాబైతే బుర్ర గోక్కుని, "బిళ్ల ఏసినా నొప్పెట్టింది అప్పా. ఒకలికి కాదు, అందరికీ. గుమ్మంలో నిలబడి నువ్వలా అడుగుతుంటే, నీ మొకం సూసి సెప్పనేకపోయాం" అన్నాడు.

జోగమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నవ్వింది. నవ్వితే తల ఇంకా నొప్పెట్టింది.

పది రోజులయ్యాక రెండోసారి ఆవిడ రక్తం తీశారు. పద్మ చుక్క వేసింది. గీత కాసేపు నేల మీద పాకి, ఒక్కసారిగా లేచి నిటారుగా పైకెక్కింది. గొట్టంలో మబ్బు విడిపోయి నీళ్ళు తేటపడ్డాయి. "దేఖా అత్తమ్మా! చూశారా!" అని పద్మ చిన్నపిల్లలా అరిచింది. "నాదేనా అది?" అంది జోగమ్మ. తనదేనని పద్మ చెప్పినా నమ్మకం కుదరక మళ్ళీ అడిగింది.

ఇరవైమందిలో ఒక్కడు కూడా తప్పుకోలేదు. పది రోజులూ బిళ్లా గిళ్లా లేకుండా ఉండి, మళ్ళీ వచ్చి చేతులు చాచారు. ఈసారి ఓలమ్మో, ఓరి నాయనో అని ల్యాబంతా దద్దరిల్లింది. పైడిబాబు కేక బయట ఆటోస్టాండు దాకా వినిపించిందంటారు.

కొత్త లెక్కలు తేలిన రోజు పద్మ ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పలేదు. "తేడా ఉంది అత్తమ్మా. ఇదివరకంత కాదు, చిన్నదే. కానీ ఉంది." గోడమీద బలరామ్ ఫోటో కింద నిలబడి చెప్పింది. "చిన్న తేడా నిజమని అనిపించుకోవాలంటే ఇరవైమంది చాలరు. ఇంకా చాలామంది కావాలి. బిళ్లలు లేకుండా."

"మనుసుల సంగతి..." అనబోయి ఆగింది జోగమ్మ. పద్మ నవ్వి, "మీకే వదిలేశాను," అంది.

మర్నాడు బజారులో తూకాలు మళ్ళీ ఆగిపోయాయి. జోగమ్మ ఈసారి దాచకుండా మొదటినుంచీ మొత్తం చెప్పింది, బిళ్లలతో సహా. విన్నవాళ్ళలో ఒక ఉల్లిపాయల కొట్టాయన, మీసాలు దువ్వుకుంటూ, దెప్పిపొడిచాడు. "నొప్పే తెలీదన్నావు గదా జోగమ్మా. నీ కోడలు సెయ్యి దోమకంటే తేలికన్నావు?"

"నొప్పెడతాది," అంది జోగమ్మ, నలుగురికీ వినబడేలా. "భుజం దాకా లాగుతాది. కేక కూడా పెడతావు. నా కోడలు సెయ్యి మామూలు సెయ్యే. ఆ బుర్రే మామూలుది కాదు. ఆ బుర్రకి నీ నెత్తురు కావాల. ఎప్పుడొత్తావు?"

కొట్టాయన మీసం మీంచి చెయ్యి తీసి, తక్కెడ కింద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఇక్కడ కాదు నాయనా," అంది జోగమ్మ. "పది రోజులు బిళ్ల ఏసుకోకుండా ఉండు. ఆటో నాను పంపిత్తాను."